దుప్పటి మీద బెల్టు

కంపెనీ గెస్ట్‌హౌస్, రెండో అంతస్తు
జూన్ 9

వదినా,

నీ ఆడపడుచు ఉత్తరం రాయడమేమిటని కంగారు పడకు. బాగానే ఉన్నాను. అరలోంచి జారిన డబ్బా తగిలి ఎడమ భుజం ఎముక బీటవారింది, అంతే. రాసే చెయ్యి కుడిది కాబట్టి నీకు ఈ శిక్ష తప్పలేదు. ఫోన్లు విచారణవాళ్ళు తీసుకుపోయారు. శిక్షణ విభాగంతో మాట్లాడకూడదని కూడా చెప్పారు. మా వదినే శిక్షణ విభాగం, ఇక మా అన్నయ్య క్షేమం ఎవరినడగాలి అన్నాను. ఒక్కడూ నవ్వలేదు. ఉత్తరాలు రాయొద్దని మాత్రం అనలేదు. ఈ కాలంలో ఉత్తరాలు రాసేవాళ్ళుంటారని వాళ్ళకి తట్టి ఉండదు.

పేపర్లో వచ్చింది చదివే ఉంటావు. రానిది నేను చెబుతాను. విమానం దిగడానికి ఇరవై నిమిషాలుందనగా బెల్టు గుర్తు వెలిగింది. వెనక పది వరసలు నావి. ఆఖరి వరసలో కిటికీ పక్కన ఒకావిడ, యాభై అయిదేళ్ళుంటాయి. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే టైలరు. ప్రయాణానికి ముందే ఆర్డరు అప్పగించాలని రెండు రోజులు కంటిమీద కునుకు లేకుండా కుట్టిందట, ఎక్కగానే నాకు చెప్పింది. చలిగా ఉందంటే దుప్పటి తెచ్చి మెడదాకా కప్పింది నేనే. దిగేదాకా లేపొద్దని బతిమాలుకుంది. ఆవిడ భర్త రిటైరైన బస్సు డ్రైవరు. సీట్లు పక్కపక్కన దొరక్క ఎక్కడో పన్నెండో వరసలో ఉన్నాడు.

బెల్టు దుప్పటి మీద పెట్టుకోమని చెప్పాలి కదా. అప్పటికే ఆవిడ కళ్ళు మూతలు పడుతున్నాయి, చెప్పలేకపోయాను. తనిఖీకి వచ్చినప్పుడు నువ్వు నేర్పిన చూపే చూశాను. సీటు పక్కన బెల్టు కొస వేలాడుతోందా లేదా అని. వేలాడలేదు. "వేలాడని బెల్టు పెట్టుకున్న బెల్టే" అని క్లాసులో మా అందరిచేతా ఎక్కాల్లా వల్లె వేయించావు, గుర్తుందా. అంతా సరేనని ముందువైపుకి బొటనవేలు చూపించాను. సీనియరు ఫోనెత్తి, క్యాబిన్ రెడీ అని కెప్టెన్‌కి చెప్పేసింది.

నా మడత సీట్లో కూర్చుని పట్టీలు బిగించుకున్నానో లేదో విమానం నూతిలో పడ్డట్టు పడింది. మొదట దుప్పటి లేచింది. దాంతోపాటే ఆవిడా లేచింది. నాలుగడుగుల దూరంలో, నా కళ్ళముందే తల పైకప్పుకి కొట్టుకుని, సీటు చేతుల మీద అడ్డంగా పడింది. మెడ విరిగింది, ప్రాణం మాత్రం ఉంది. మిగతా నూట అరవైమంది ప్రయాణికులకీ ఏమీ కాలేదు, చొక్కాల మీద టీ మరకలు తప్ప.

నేలకి దిగాక ఆ సీటు చూశాను. బెల్టు రెండు ముక్కలూ సీటు మీద పరిచినట్టు అణిగి ఉన్నాయి. ముట్టుకుంటే వెచ్చగా తగిలాయి. ఆవిడ బెల్టు మీద కూర్చుంది వదినా. మీద కూర్చుంటే ఇక వేలాడేదేముంది? స్ట్రెచర్ మీదికి ఎత్తే హడావిడిలో అవి పక్కలకి జారిపోయాయి. నేను తప్ప ఇంకెవరూ చూడలేదు. ఆ సాయంత్రం కాగితం చేతికిస్తే, బెల్టు పెట్టుకున్నట్టు చూశానని రాసి సంతకం పెట్టేశాను. ఎందుకలా రాశానో తెలీదు. అలవాటైన మాట అదే వచ్చింది.

ఇక్కడ రూల్స్ పుస్తకం ఉంది. నువ్వు చెప్పిన సూత్రం కోసం రెండుసార్లు వెతికాను. బెల్టు కనబడకపోతే ప్రయాణికుణ్ణి లేపాలనే ఉంది. ఆ సూత్రం ఏ పేజీలో ఉందో కాస్త చెప్పు.

నీ
బొంగరం


ఇల్లు, హాల్లో నీ మంచం మీద నుంచే
జూన్ 17

అర్ధమొగుడు గారికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా, దూరాన ఉండి కూడా ప్రశ్నల వర్షం కురిపిస్తున్నావు. నీ ఉత్తరం అందగానే మీ అన్నయ్య ముందు భుజం సంగతి చదవమన్నాడు, తరవాత స్టవ్ మీద కూర మరిచిపోయాడు, అది మాడింది. మీ వంశంలో ఒక్కరికీ ఒకసారి ఒకే పని చేతకాదు. మాత్రలు వేళకి వేసుకో. ఆ చేత్తో బరువులెత్తకు.

ఇప్పుడు నేను చెప్పేది చెవినపెట్టు. మొదటి కాగితంలో రాసిందే రాతగా ఉండనీ. ఆగస్టులో విచారణ సంఘం ముందు కూడా అదే చెప్పు. తనిఖీ చేశాను, బెల్టు చూశాను, అంతే. ఆపైన ఆవిడ తీసేసుకుందో ఏమో నీకెలా తెలుస్తుంది? నిద్రలో మనుషులు ఎన్నో చేస్తారు. సీటు మీద ఏం చూశావో, ఏం ముట్టుకున్నావో అవన్నీ చిన్న విషయాలు. అంత గందరగోళంలో ఎవరి కళ్ళూ సరిగా పనిచెయ్యవు, నీ కళ్ళు అసలే పెద్దవి, లేనివి కూడా చూస్తాయి.

ఆసుపత్రి వైపు మాత్రం వెళ్ళకు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది. నీ సంగతి నాకు తెలుసు, ఎవరైనా ఏడిస్తే వాళ్ళకంటే ముందు నువ్వు ఏడుస్తావు.

సెప్టెంబరులో శిక్షణ బడికి నన్నే పెద్దని చేస్తారని అంటున్నారు. ఇరవై రెండేళ్ళకి. కాగితం చేతికొచ్చేదాకా ఎవరితోనూ అనకు. నువ్వొచ్చాక చేసుకుందాం పండగ. మీ అన్నయ్య వంట చెయ్యడని మాటిస్తున్నాను.

నీ వదిన


గెస్ట్‌హౌస్
జూలై 2

వదినా,

పేజీ నంబరు చెప్పలేదు నువ్వు.

నువ్వు వద్దన్నావు, నేను వెళ్ళాను. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి అని తిట్టుకో. మూడో అంతస్తు, కిటికీలేని గది. ఆవిడ మెడ చుట్టూ ఇనుప చట్రం, చేతులు దుప్పటి మీద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కుడిచేతి చూపుడువేలు మీద సూది గుచ్చుకున్న పాత మచ్చలు. నేనెవరో చెప్పకముందే గుర్తుపట్టింది. దుప్పటి కప్పిన పిల్లవి కదూ అంది.

భర్త పక్కనే కూర్చుని ఉన్నాడు. మనిషి మంచివాడే. చెంచాతో నీళ్ళు పడతాడు, మూతి తుడుస్తాడు, తుడుస్తూనే తిడతాడు. నలభై ఏళ్ళు బస్సు నడిపాడట, ఒక్క ప్రయాణికుడికీ గీత పడలేదట. తన బండిలో ఎక్కిన వెయ్యిమంది చెప్పినమాట విన్నారు కానీ కట్టుకున్నది మాత్రం ఏనాడూ వినలేదంటాడు. కారులో బెల్టు పెట్టుకోమంటే మెడ నొక్కేస్తుందనేదట. కంపెనీ వకీలు వచ్చి, సిబ్బంది తనిఖీ చేశాకే మీ ఆవిడ బెల్టు తీసేసుకుందని చెప్పి వెళ్ళాడు. ఆ మాటకి మూలం నా కాగితమే. ఆ కాగితం పట్టుకుని ఆయన రోజూ పొద్దున్నించి సాయంత్రందాకా ఆవిణ్ణి సాధిస్తున్నాడు. ఆవిడకి తల తిప్పుకునే వీలు కూడా లేదు.

ఆయన మందులకని కిందికి వెళ్ళినప్పుడు నన్ను దగ్గరికి రమ్మంది.

"నాకేం గుర్తు లేదమ్మా. నేను బెల్టు పెట్టుకున్నానా?"

పెట్టుకున్నట్టు చూశానని రాసిచ్చానండీ అన్నాను. రాసింది అడగలేదమ్మా అంది. అప్పుడు ఏడ్చేశాను. నువ్వు చెప్పినట్టే ఆవిడకంటే ముందు నేనే ఏడ్చాను. లేపి చూడాల్సింది, లేపలేదు, మన్నించండి అన్నాను. ఇది బయటపడితే నీ ఉద్యోగం పోతుందా అని అడిగింది. పోవచ్చన్నాను. పెళ్ళయిందా అంది, కాలేదన్నాను. ఆ తరవాత ఆయన వచ్చేశాడు.

వదినా, నేను నిజం చెబుతాను. ఆవిడ బెల్టు తీయలేదు, అసలు పెట్టుకోనే లేదు, చూసి పెట్టించాల్సిన నేను చూడలేదు. ఆ మాట ఆయన చెవిన పడితే ఆవిడకి ఆ గదిలో కాస్త శాంతి దొరుకుతుంది. నడక రాదు, చేతులు కదలవు, కనీసం ఆ నింద పోతుంది. కానీ నేనొక్కదాన్నే చెబితే నా ఒక్కదాని బద్ధకం అని రాసి కట్ట కట్టేస్తారు. ఆ సూత్రం పట్టుకుని రోజూ ఎన్ని విమానాల్లో ఎంతమంది పిల్లలు నిద్రపోయేవాళ్ళని దాటిపోతున్నారో నీకు తెలుసు, నీ చేతికింద నేర్చుకున్నవాళ్ళే ఆరువందలు. అలా నేర్పానని నువ్వు ఒక్కమాట రాసివ్వు. ఇంకేమీ అడగను.

బొంగరం


శిక్షణ విభాగం
జూలై 8

ఆడపడుచుకి,

నీ ఉత్తరం అందింది.

నువ్వు రాసిన సూత్రం నేను తరగతిలో ఎన్నడూ బోధించలేదు. నా పాఠాలన్నీ రూల్స్ పుస్తకం ప్రకారమే ఉంటాయి. దుప్పటి కప్పుకున్న ప్రయాణికుల బెల్టు కనబడకపోతే లేపి చూడాలనే నేను నేర్పాను. శిక్షణ పొందినవారందరి సంతకాలూ విభాగంలో భద్రంగా ఉన్నాయి, అందులో నీదీ ఉంది.

ప్రమాదం వల్ల నీ మనసు కలత చెంది ఉంటుందని అర్థం చేసుకోగలను. వైద్యుణ్ణి సంప్రదించడం మంచిది. విచారణ పూర్తయ్యేవరకు ఈ విషయమై నాకు రాయవద్దు.

సీనియర్ శిక్షకురాలు


గెస్ట్‌హౌస్
ఆగస్టు 21

మేడమ్ గారికి,

రాయవద్దన్నారు. విచారణ నిన్నటితో పూర్తయింది కాబట్టి రాస్తున్నాను. ఆ ఉత్తరం మీరు నాకు రాసింది కాదని, ఎప్పుడైనా ఎవరైనా చదివితే అక్కరకొస్తుందని రాసుకున్నదని తెలుస్తూనే ఉంది. భయపడకండి. మీ పేరు నేనెక్కడా ఎత్తలేదు.

ముగ్గురు కూర్చున్నారు. మొదటి కాగితంలో రాసింది అబద్ధమని, ఆవిడ బెల్టు మీద కూర్చుని నిద్రపోయిందని, నేను లేపి చూడకుండానే సైగ చేశానని అన్నీ చెప్పాను. ఎందుకు లేపలేదని అడిగితే, జాలి, బద్ధకం రెండూ అన్నాను. అధ్యక్షుడు ఓపిగ్గా విన్నాడు. విని, ఫైల్లోంచి ఒక కాగితం తీసి చదివాడు. అది టైలరమ్మ వాంగ్మూలం. దిగే ముందు మెలకువ వచ్చిందట, బెల్టు బిగుతుగా ఉంటే తానే తీసేసుకుందట, ఆ అమ్మాయి అంతకుముందే వచ్చి శ్రద్ధగా చూసి వెళ్ళిందట, ఆమె తప్పేమీ లేదట. సంతకం పెట్టే వీల్లేక డాక్టరు సాక్షి సంతకం చేశాడు. తేదీ చూశాను. నేను ఆసుపత్రికి వెళ్ళొచ్చిన మర్నాడు.

అది నిజం కాదన్నాను. నా ఉద్యోగం పోతుందేమోనని అలా చెప్పింది, ఆవిడకేమీ గుర్తు లేదని నాతోనే అంది, మళ్ళీ వెళ్ళి అడగండి అన్నాను. అడగడానికి ఆవిడ లేదన్నారు. మూడు రోజుల కిందట ఊపిరితిత్తుల్లో నీరు చేరి పోయిందట. నాకెవరూ చెప్పలేదు. ఎందుకు చెబుతారు? అధ్యక్షుడు గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, ఇలాంటి ప్రమాదాల తరవాత సిబ్బంది లేని తప్పులు నెత్తికెత్తుకోవడం మామూలేనని చెప్పాడు. మానసిక వైద్యుడి దగ్గరికి చీటీ రాసిచ్చాడు. మీరిద్దరూ ఒకే మాట అన్నారు.

ఈ రోజు వాళ్ళింటికి వెళ్ళాను. ముందుగదిలో కుట్టుమిషను, దాని పక్కన కత్తిరించి కుట్టకుండా మిగిలిన యూనిఫారం గుడ్డలు. ఆయన గుమ్మంలోనే నిలబెట్టాడు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక ఆయన అన్న మాట మీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అది పోయేముందు తప్పు తనదేనని ఒప్పుకుందమ్మా. నలభై ఏళ్ళ కాపరంలో ఒక్కసారి ఒప్పుకుంది, నేను క్షమించాను. ఇప్పుడు నువ్వొచ్చి అది తప్పే చెయ్యలేదంటే, ఆ రెండు నెలలూ కదల్లేని మనిషిని నేను తిట్టిన తిట్లన్నీ ఎక్కడ పెట్టుకోను?"

తలుపు వేసేశాడు. గట్టిగా కూడా వెయ్యలేదు. నేను వెళ్ళకుండా ఉంటే ఆవిడ ఆ అబద్ధం చెప్పేది కాదు. వెళ్ళొద్దని మీరు చెప్పారు. మీరు చెప్పిందే సరైంది, మీరు చెప్పిన కారణానికి కాకపోయినా.

మీ విద్యార్థిని


ఇల్లు
సెప్టెంబరు 25

బొంగరానికి,

రిపోర్టు వచ్చింది. మీ అన్నయ్యా నేనూ రెండుసార్లు చదువుకున్నాం. సిబ్బంది తనిఖీ సక్రమంగా జరిగింది, ప్రయాణికురాలు ఆ తరవాత బెల్టు తొలగించుకుంది అని స్పష్టంగా రాశారు. ఒకటో తేదీనించి నిన్ను డ్యూటీకి రమ్మన్నారట కదా. మీ అన్నయ్య నిన్నటినించి ఇల్లంతా ఈల వేసుకుంటూ తిరుగుతున్నాడు.

నా మీద అలిగావని తెలుసు. మేడమ్ అన్నావు, మీరు అన్నావు, విద్యార్థిని అన్నావు. రాత్రుళ్ళు ఆ ఉత్తరం తలకింద పెట్టుకునే పడుకున్నాను. నిజం చెప్పనా? చదివాక చింపెయ్యి. ఆ సూత్రం నాదే. నేను నీ వయసులో ఉన్నప్పుడు ఒక పెద్దమనిషిని బెల్టు కోసం లేపాను. ఆయన పైవాళ్ళకి రాశాడు, నన్ను నెలరోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. తరవాత ఎవరినీ లేపకుండా చూడ్డమెలాగో కనిపెట్టుకున్నాను. మంచి ఉపాయమనిపించింది, పిల్లలకి నేర్పాను. ఇరవై ఏళ్ళు ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోతే అది సరైనదే అనుకుంటాం కదా. బెల్టు మీద కూర్చునేవాళ్ళుంటారని నాకెప్పుడూ తట్టలేదు. నీ మొదటి ఉత్తరం చదివిన రోజే నాకది తెలిసింది, భయంతో నిన్ను వదిలేశాను. నాకు సిగ్గుగా ఉంది.

బడి నా చేతికొచ్చింది. వచ్చిన మొదటివారమే, దుప్పటి ఉంటే లేపి చూడాల్సిందేనని గట్టిగా కాగితం రాసి పైకి పంపాను. తిప్పి పంపారు. తనిఖీ పద్ధతిలో లోపం లేదని విచారణే తేల్చాక మార్పు దేనికన్నారు. రిపోర్టు కాపీ కూడా జతచేశారు. నేనే తప్పు పద్ధతి నేర్పానని రాస్తే వింటారేమో. రాయాలని రెండుసార్లు కూర్చున్నాను. ఎవరూ నమ్మని మాట కోసం ఉన్న కుర్చీ పోగొట్టుకోవడమెందుకని లేచిపోయాను. పోయినావిడే తీసేశానని చెప్పాక మనకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకా అని మీ అన్నయ్య అంటున్నాడు. నేనూ అలాగే అనుకోవడానికి ప్రయత్నిస్తున్నాను.

ఇంటికి రా. నాలుగు రోజులుండి వెళ్దువుగాని.

వదిన


సిబ్బంది విశ్రాంతి గది, బయల్దేరే గేట్ల కింద
నవంబరు 12

వదినా,

ఫోను తిరిగిచ్చారు. కానీ ఇది ఫోన్లో చెప్పేది కాదు. నువ్వు చింపెయ్యమన్న ఉత్తరం చింపేశాను. విద్యార్థిని అనడం కూడా మానేశాను, ఇప్పుడు మనిద్దరం ఒకటే.

డ్యూటీలో చేరినప్పుడు నాకు ఒకే ఒక్క ఆలోచన. పద్ధతి మారకపోతే మానె, నా పది వరసల్లో మాత్రం ఎవరినీ చూడకుండా దాటను. అయిదు వారాలు అలాగే చేశాను. దుప్పటి కింద బెల్టు కనబడకపోతే భుజం మీద చెయ్యి వేసి లేపాను. పసిపిల్లల తల్లుల్నీ లేపాను, మత్తుమందు వేసుకుని పడుకున్న రోగుల్నీ లేపాను. తిట్లు తిన్నాను. ఒకాయన నా చేతిని విదిలించి కొట్టాడు. నా వల్ల తనిఖీ నాలుగు నిమిషాలు ఆలస్యమవుతోందని సీనియరు విసుక్కునేది. తోటిపిల్లలు నాకు అలారం గడియారమని పేరు పెట్టారు. నవ్వుకున్నాను, ఆ పేరు నాకు నచ్చింది కూడా. ఆ అయిదు వారాల్లో ముగ్గురు బెల్టు పెట్టుకోకుండా పడుకున్నవాళ్ళు దొరికారు. వాళ్ళలో ఒకామె బెల్టు మీదే కూర్చుంది. ఆమెకి బెల్టు పెట్టి, వెనక్కి వెళ్ళి వంటగది తెర వేసుకుని ఏడ్చాను.

పోయిన సోమవారం ఆఫీసుకి పిలిచారు. నా మీద పదకొండు ఫిర్యాదులు. రిపోర్టులో నేను సక్రమంగా తనిఖీ చేశానని రాసి ఉంది కదా, మరి ఇప్పుడు కొత్తగా ఇలా ఎందుకు చేస్తున్నానని అడిగారు. చెప్పాను. మళ్ళీ మొదటినించీ అంతా చెప్పాను. ఆ మేనేజరు అధ్యక్షుడిలాగే ఓపిగ్గా విని, ఇంకొక్క ఫిర్యాదు వస్తే నేల మీది ఉద్యోగానికి పంపుతామన్నాడు. నేను నేల మీదికి వెళ్తే ఆ పది వరసలూ ఎవరికిస్తారు? నీ ఆరువందలమందిలో ఒకరికి. అందుకని సరేనన్నాను. జాగ్రత్తగా ఉంటూ, మరీ అవసరమైనచోట మాత్రమే లేపుదామనుకున్నాను.

నిన్న ఆఖరి వరసలో కిటికీ పక్కన ఒకతను. ముప్పై ఏళ్ళుంటాయి. గడ్డందాకా దుప్పటి. ఎక్కేటప్పుడే, వరసగా రెండు షిఫ్టులు చేసి వస్తున్నానని, పలకరించొద్దని చెప్పాడు. బెల్టు గుర్తు వెలిగింది. కింద మబ్బు దట్టంగా ఉంది, కుదుపులుంటాయని కెప్టెన్ ముందే చెప్పాడు. నేను అతని పక్కన నిలబడ్డాను. చెయ్యి ముందుకి చాచాను కూడా. నా చెయ్యి అతని భుజానికి బెత్తెడు దూరంలో ఉంది. సీనియరు ముందునించి నా సైగ కోసం చూస్తోంది.

సీటు పక్కకి చూశాను. ఏమీ వేలాడ్డం లేదు.

బొటనవేలు చూపించాను. వెళ్ళి నా మడత సీట్లో కూర్చుని పట్టీలు బిగించుకున్నాను. ఆ పధ్నాలుగు నిమిషాలూ ఆ దుప్పటినే చూస్తూ కూర్చున్నాను. రెండుసార్లు కుదిపింది, పెద్దగా కాదు. చక్కగా దిగింది.

అతను లేచి ఒళ్ళు విరుచుకుని, హాయిగా నిద్రపట్టిందని, లేపనందుకు థాంక్సని చెప్పి వెళ్ళిపోయాడు. నేను నవ్వి, మళ్ళీ రండి అన్నాను. ఆ సీటు వైపు మాత్రం తలతిప్పి చూడలేదు. బెల్టు పెట్టుకున్నాడో, మీద కూర్చున్నాడో నాకు తెలీదు. తెలుసుకుందామని కూడా అనిపించలేదు.

ఇంకో గంటలో మళ్ళీ విమానం ఉంది. అన్నయ్యని అడిగానని చెప్పు.

బొంగరం